అడుగున్నర వెడల్పులో పచ్చకంచె: మన రాయలసీమ ఎండకు, బోరు నీళ్లకు

ఇంటి ముందు ఉండేదే పది అడుగుల జాగా. అందులో మూడడుగులు కంచెకే పోతే బండి పెట్టుకోవడానికి చోటు మిగలదు. అనంతపురం, కడప, కర్నూలు కాలనీల్లో కంచెలు చాలావరకు ఇలాగే అయ్యాయి. నాటిన ఏడాది ముచ్చటగా ఉంటాయి. మూడో ఏటికి పైన గుబురు దారిలోకి వంగుతుంది, కింద మోకాలి ఎత్తు దాకా ఉత్త కట్టెలు. ఇది నేల తప్పూ కాదు, ఎండ తప్పూ కాదు. మొక్కను ఎత్తు పెరగనిచ్చి, తర్వాత కత్తిరిద్దాంలే అనుకోవడం వల్ల వచ్చేదే. కంచె సన్నగా నిలవడానికి మొక్క జాతి కొంత కారణమైతే, మొదటి ఏడాది కత్తెర అంతకు రెట్టింపు కారణం.

ముందు మొక్క సంగతి. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో, ఉప్పదనం ఉన్న బోరు నీళ్లతో బతకాలి, ఏడాది పొడుగునా ఆకు ఉండాలి, అడుగున్నరలో ఒదగాలి. ఈ మూడూ కలిసిన మొక్కలు ఎక్కువ లేవు.

నాగగొలుగు మొదటిది. నర్సరీలో మధుకామిని అనో, కామిని అనో అడిగితే ఇస్తారు. ముర్రయా పానిక్యులేటా దీని శాస్త్రీయ నామం. చిన్న ఆకు, ముదురు పచ్చ, వాన పడ్డాక తెల్లటి పూలు, వీధి చివరి దాకా వాసన. సగం నీడలోనూ పెరుగుతుంది. పెరుగుదల నెమ్మది, నాలుగడుగుల ఎత్తు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. సన్నటి కంచెకు అదే దాని మంచి గుణం, ఎందుకంటే నెలకోసారి కత్తెర పట్టుకోనక్కర్లేదు. అయితే ఇది నిమ్మజాతి చెట్టు. చీనీ తోటల్లో గ్రీనింగ్ తెగులును మోసే సిల్లా పురుగు దీని లేత చిగుళ్ల మీద హాయిగా పెరుగుతుంది. గార్లదిన్నె, పుట్లూరు, పులివెందుల వైపు ఇంటికి ఆనుకుని చీనీ తోట ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది. పక్కింటి రైతు తోట పాడుచేసి మనం పూల వాసన చూడటం బాగుండదు.

నీళ్లు బాగా ఉప్పగా ఉంటే, నేలలో సున్నం ఎక్కువుంటే క్లెరోడెండ్రమ్ ఇనర్మీ మేలు. నర్సరీవాళ్లు ఇనర్మీ అంటే గుర్తుపడతారు. మున్సిపాలిటీ పార్కుల్లో, రోడ్డు మధ్య డివైడర్ల మీద కనిపించే నిగనిగలాడే పచ్చ మొక్క ఇదే. సముద్రపు ఒడ్డున పెరిగే జాతి కాబట్టి ఉప్పుకు జంకదు. పశువులు పెద్దగా ముట్టవు. కానీ చాలా చురుకు. వానాకాలంలో మూడు వారాలకోసారి కత్తిరించకపోతే తీగలాగా అటూ ఇటూ సాగుతుంది. కత్తిరించే ఓపిక ఉన్నవాళ్లకే ఇది.

మన కొండల మీద దానంతటదే పెరిగే బందారు, అంటే డోడోనియా విస్కోసా, మూడోది. నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది, ఎక్కువైతేనే చస్తుంది. నర్సరీల్లో అరుదుగా దొరకడమే ఇబ్బంది.

ఇక వద్దనుకోవాల్సినవి. కోనోకార్పస్ వేగంగా పెరుగుతుందని ఆశపడి నాటుతారు. దాని వేళ్లు పైపుల్లోకి, సంపులోకి చొరబడతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. ఫైకస్‌ను గోడవారన పెట్టడం అంటే పునాదికి గడ్డపార ఇచ్చినట్టే. థూజా ఫోటోలో బాగుంటుంది, మన ఏప్రిల్ పొడిగాలికి ఎర్రనల్లి పట్టి లోపల్నుంచి గోధుమరంగుకు మాడిపోతుంది. గోరింట మొండిదే, కానీ నీళ్లు తగ్గితే వేసవిలో ఆకు రాల్చేస్తుంది. తడిక అవసరమయ్యే కాలంలోనే తడిక ఉండదన్నమాట. గన్నేరు విషం, పైగా కింద బోడిగా అవుతుంది. పసుపు డురాంటా రంగు కోసం అయితే సరే, దాని కాయలు విషమని పిల్లలున్న ఇంట్లో గుర్తుంచుకోవాలి.

నాటే కాలం పుబ్బ, ఉత్తర కార్తెలు, అంటే ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు చివర వరకు. తొలకరికే నాటాలని చాలామంది తొందరపడతారు. జూన్, జులైలో మనవైపు గాలి ఎలా ఉంటుందో రామగిరి గాలిమరలను చూస్తే తెలుస్తుంది. కొత్త వేరు పీల్చే నీటికన్నా గాలి ఆకులోంచి లాక్కునే నీరే ఎక్కువ. సెప్టెంబరులో గాలి తగ్గుతుంది, వాన బాగా పడే నెల కూడా అదే. ఆ తర్వాత ఈశాన్య రుతుపవనం, చలికాలం కలిపి వేసవికి ముందు వేరు కుదురుకోవడానికి అయిదు నెలలు దొరుకుతాయి.

మొక్కలు నాటడానికి తవ్వే కాలువ సంగతికి వద్దాం. ముప్పై అడుగుల వరస అనుకుందాం. గోడ నుంచి మొక్క కాండానికి కనీసం రెండడుగులు వదలాలి. లేకపోతే వెనకవైపు కత్తిరించడానికి చెయ్యి దూరదు, మధ్యాహ్నం గోడ వేడికి ఆ పక్క ఆకు మాడుతుంది. అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తీయాలి. విడివిడి గుంతలు తవ్వొద్దు. ఎర్ర గరుసు నేలలో గుంత అంటే రాతి గిన్నె లాంటిది, వేరు దాని అంచుకు తగిలి లోపలే చుట్టుకుంటుంది. కాలువైతే కనీసం పొడవునా పారుతుంది. అడుగున గడ్డపారతో ఇంకో అరడుగు గుచ్చి వదులు చేస్తే నీరు దిగుతుంది.

తవ్విన మట్టిలో గుండ్రాళ్లు ఏరేసి, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. ముప్పై అడుగుల కాలువకు సుమారు పదిహేడు ఘనపుటడుగుల ఎరువు పడుతుంది, ఖాళీ సిమెంటు సంచులతో కొలిస్తే పదమూడు, పద్నాలుగు సంచులు. అడుగుకు వంద గ్రాముల చొప్పున మూడు కిలోల వేపపిండి కూడా. ఎరువు పచ్చిగా, పేడ వాసనతో ఉంటే వాడొద్దు. ఎర్రనేలలో చెదలను, వేరుపురుగును పిలిచి కూర్చోబెట్టేది అదే. నింపాక రెండుసార్లు నిండుగా నీళ్లు కట్టి వారం ఆగాలి. మట్టి రెండు మూడు అంగుళాలు దిగుతుంది. దిగకముందే నాటితే మొక్క కూడా దాంతోపాటే కిందికి పోయి, మొదలు మట్టిలో పూడి కుళ్లుతుంది.

ఆలూరు, ఆదోని, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో లెక్క వేరు. అక్కడ లోతుగా తవ్వి వదులు మట్టి నింపితే చుట్టూ ఉన్న బంకమట్టి నీటిని బయటికి పోనివ్వదు, కాలువ తొట్టి అయిపోతుంది. తొమ్మిది అంగుళాలు మాత్రమే తవ్వి, ఎరువు కలిపి, నేలమట్టం కన్నా అరడుగు ఎత్తుగా కట్ట పోసి దాని మీద నాటాలి.

నేలలో సున్నం ఉందో లేదో చూడటానికి ల్యాబు దాకా పోనక్కర్లేదు. చెంచాడు పొడిమట్టి మీద బాత్రూం కడిగే యాసిడ్ రెండు చుక్కలు వేయండి, కొంచెం దూరంగా నిలబడి. బుసబుసమని నురగ పొంగితే సున్నం దండిగా ఉన్నట్టు. అప్పుడు నాగగొలుగు ఆశ వదులుకుని ఇనర్మీకి పోవడమే తెలివి.

మొక్కలు అడుగు నుంచి అడుగున్నర ఎత్తువి చాలు. ఎత్తు చూసి మోసపోవద్దు. మూడడుగుల ఎత్తున, కింద కొమ్మ లేకుండా కర్రలాగా నిలబడ్డ మొక్క ఈ పనికి రాదు. మొదట్లోనే మూడు నాలుగు కొమ్మలు చీలినదాన్ని ఏరుకోవాలి. మనకొచ్చే మొక్కల్లో చాలా భాగం కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. వేరు చుట్టూ గోదావరి ఒండ్రు బంకమట్టి ఉండ ఉంటుంది. దాన్ని అలాగే మన గరుసు నేలలో పెడితే, ఆ ఉండ ఒకసారి ఎండిందంటే గట్టిపడి, పోసిన నీరు పక్కనుంచి జారిపోతుంది. చుట్టూ నేల తడిగా, మధ్యలో వేరు పొడిగా! రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క ఎండిపోయిందని బాధపడేవాళ్ల ఇంట్లో జరిగేది సాధారణంగా ఇదే. నాటేముందు సంచితో సహా బక్కెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, సంచి చించి, ఉండ పైపొరను వేళ్లతో అర అంగుళం మేర విదిలించాలి. అడుగున వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే నాలుగు పక్కలా బ్లేడుతో నిలువుగా గాటు పెట్టాలి.

అడుగుకొకటి, ఒకే వరస. జిగ్‌జాగ్ రెండు వరసలు వద్దు, అక్కడే వెడల్పు రెండున్నర అడుగులు అయిపోతుంది. రెండు చివర్లా అరడుగు వదిలితే ముప్పై మొక్కలు సరిపోతాయి. కానీ ముప్పై మూడు కొనండి. ఆ మూడింటిని పెద్ద సంచుల్లోకి మార్చి పెరట్లో పక్కన పెంచాలి. ఏడాది తర్వాత నడుమ ఒకటి చస్తే, అదే వయసు మొక్క చేతిలో ఉంటుంది. నర్సరీ నుంచి చిన్నది తెచ్చి పెద్దవాటి మధ్య పెడితే అది నీడలో నక్కి ఎప్పటికీ ఎదగదు.

నాటిన రోజే పై నుంచి మూడో వంతు కత్తిరించాలి. ఈ మాట చెబితే చాలామందికి ప్రాణం ఒప్పదు. కొన్నదే అడుగున్నర, అందులో అరడుగు తీసేయడమా అంటారు. తీయకపోతే కొన మొగ్గ పైకే లాగుతుంది, కింద కొమ్మ ఎప్పటికీ రాదు. మీరు తర్వాత ఎంత కత్తిరించినా ఆ కింది భాగం బోడిగానే ఉంటుంది.

నీళ్లకు అడుగుకొక రంధ్రం ఉన్న 16 ఎం.ఎం. ఇన్‌లైన్ డ్రిప్ పైపు చాలు, గంటకు రెండు లీటర్లది. మిద్దె మీది ట్యాంకు నుంచి పెడితే ఒత్తిడి తక్కువ కాబట్టి అది చెప్పినంత ఇవ్వదు. ఒక రంధ్రం కింద గిన్నె పెట్టి పావుగంట చూడండి. అర లీటరు వస్తే సరైనట్టు, పావు లీటరే వస్తే టైము రెట్టింపు చేయాలి. వరస మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలవాలి. మొదటి నెల రోజు విడిచి రోజు మొక్కకు రెండు లీటర్లు, చలికాలంలో వారానికి రెండుసార్లు మూడు లీటర్లు, మార్చి నుంచి మళ్లీ రోజు విడిచి రోజు నాలుగు లీటర్లు. వాన పడితే మానేయడమే. రెండో ఏడాది నుంచి వారానికి రెండుసార్లు అయిదారు లీటర్లతో సరిపెట్టొచ్చు, పైపును కాండం నుంచి ముప్పావు అడుగు జరపాలి. నెలకోసారి చివరి మూత తీసి పైపు కడగకపోతే మన నీళ్లలోని సున్నం రంధ్రాలను మూసేస్తుంది. నెలాఖరుకు ఆ చివర ఉన్న నాలుగు మొక్కలే వాడిపోతాయి.

నేల మీద చెనిక్కాయ పొట్టు రెండు అంగుళాల మందాన పరవండి, కాండం చుట్టూ మూడు అంగుళాలు వదిలేసి. ఆనిస్తే చెదలకు నిచ్చెన వేసినట్టు. మొదటి మూడు నెలలు దారి వైపు 50 శాతం నీడవల కట్టుకుంటే మేకలూ రావు, ఎండ దెబ్బా తగ్గుతుంది.

ఇక కత్తెర. ప్రతి చిగురూ ఆరు అంగుళాలు సాగగానే సగం తీయాలి, పై నుంచే కాదు, రెండు పక్కల నుంచీ. అనుకున్న ఎత్తు వచ్చాక పక్కలు తీద్దాం అంటే అప్పటికే లోపల ఆకు చచ్చి ఉంటుంది. ఆకారం కింద అడుగున్నర, పైన అడుగు ఉండాలి. పైన వెడల్పు అయితే కింది కొమ్మల మీద నీడ పడి ఆకు రాలుతుంది, అదే మొదట్లో చెప్పిన ఉత్త కట్టెల కథ. కంటితో చూసి కత్తిరిస్తే వంకర పోతుంది. రెండు చివర్లా కింద అడుగున్నర, పైన అడుగు దూరం వచ్చేలా ఏటవాలుగా కర్రలు పాతి, మేస్త్రీలు వాడే నూలు దారం కింద ఒకటి, పైన ఒకటి లాగి కట్టి దాని వెంబడి పోవాలి.

గట్టి కత్తిరింపు ఏదైనా జూన్ చివర తొలి వానలకు, మళ్లీ అక్టోబరులో. మార్చి నుంచి మే వరకు కొసలు తప్ప ఏమీ ముట్టుకోవద్దు. అన్నాళ్లూ నీడలో ఉన్న లోపలి ఆకు, బెరడు ఒక్కసారిగా ఆ ఎండకు బయటపడితే రెండ్రోజుల్లో బొబ్బలెక్కుతాయి. నాగగొలుగుకు పూలు కావాలంటే వాన పడ్డాక మొగ్గ రానిచ్చి, పూత అయ్యాకే కోయాలి.

లేత ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. చెనిక్కాయ రైతులకు తెలిసిన మందే: లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). వారం తేడాతో సాయంత్రం పూట రెండుసార్లు ఆకు తడిసేలా కొట్టాలి. ముదురు ఆకులు కూడా పసుపెక్కితే అది ఇనుము కాదు, నీరు ఎక్కువైందేమో వేరు దగ్గర మట్టి తవ్వి చూడండి. కొమ్మల సందుల్లో తెల్లటి దూది కనిపిస్తే పిండినల్లి, చీమల వరస ఉంటే అది ఖాయం. ముందు ఆ కొమ్మ కోసి సంచిలో వేసి బయట పారేసి, మిగతా వాటికి లీటరుకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి కొట్టాలి. చీమల దారి తెంచకపోతే అది మళ్లీ వస్తుంది.

ఇప్పటికే కింద బోడిగా అయిపోయిన నాగగొలుగు, ఇనర్మీ కంచెలుంటే పీకేయక్కర్లేదు. జూన్ చివర ఒక పక్క మాత్రం నడి కాండానికి నాలుగు అంగుళాల దాకా లోపలికి కోసి, ఎత్తు మూడో వంతు తగ్గించి, అడుగుకు పావుకిలో వర్మీ కంపోస్టు వేసి నీళ్లు కట్టండి. ఆ పక్క చిగురు వేసి మూసుకున్నాక, మరుసటి ఏడాది జూన్‌లో రెండో పక్క. రెండు పక్కలూ ఒకేసారి కోస్తే ఆకు మిగలక కొన్ని మొక్కలు చస్తాయి, ఆ ఖాళీలు పూడ్చడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది.