నేనే తింటా

పోయిన గురువారం రాత్రి పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. మా రెండేళ్ల పాప నా చెయ్యి పట్టుకుని పక్కకి నెట్టేసింది. "అమ్మ వద్దు. నేనే తింటా" అని మూతి బిగించేసింది.

డేకేర్‌లో రోజంతా ఇంగ్లీషే. దాని నోట ఒక్క తెలుగు మాట వినాలని ఎంత ఎదురుచూస్తానో! అలాంటిది, తనంతట తానే నాలుగు తెలుగు మాటలు అంటే నాకు సంతోషం కలగలేదు. "అమ్మ వద్దు" దగ్గరే మనసు ఆగిపోయింది.

రెండేళ్ల చెకప్‌కి వెళ్లినప్పుడు నింపమని ఒక ఫారం ఇచ్చారు. అందులో చెంచాతో తింటుందా అనే ప్రశ్న ఉంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, పిల్లలు ఏ వయసుకి ఏం చేస్తారో చెప్పే జాబితా ఒకటి పెట్టింది. అందులో ఏడాదిన్నరకి చెంచా వాడటానికి ప్రయత్నించడం, రెండేళ్లకి చెంచాతో తినడం ఉంటాయి. 2022లో ఆ జాబితాను మార్చినప్పుడు, ఆ వయసుకి కనీసం 75 శాతం మంది పిల్లలు చేయగలిగే పనులనే అందులో ఉంచారు. నేను "కొన్నిసార్లు" అని టిక్ పెట్టాను. అబద్ధం. ఇంట్లో దాని చేతికి నేను చెంచా ఇచ్చిందే లేదు. ఆ మధ్యాహ్నమే డేకేర్ నుంచి ఫొటో వచ్చింది. బుగ్గల నిండా సాస్ పూసుకుని, చెంచాతో పాస్తా తింటోంది మా పాప.

ముద్దలు పెట్టడం మానలేకపోవడానికి కారణం ఉంది. అమ్మ వీడియో కాల్ చేస్తే మొదటి ప్రశ్న "పిల్ల తిందా?" అనే. నేను ఐదేళ్లు వచ్చేదాకా ఆవిడ చేతి ముద్దలే తిన్నానట. ఖాళీ గిన్నె చూస్తే గానీ నాకూ ఆ రోజు గడిచినట్టు ఉండదు. మొదటి ఏడాదిలో పిల్లలు పుట్టినప్పటి బరువుకి మూడింతలవుతారు, రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే, అందుకే ఆకలి తగ్గుతుంది అని డాక్టర్ నిదానంగా చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మనం చూసుకోవాలి, ఎంత తినాలన్నది పిల్లకే వదిలేయాలి అన్నారు. అక్కడ తల ఊపాను. ఇంటికొచ్చి ఫోన్‌లో బొమ్మలు పెట్టి మరీ ఆఖరి ముద్ద దాకా తినిపించాను.

ఆ గురువారం మాత్రం చెంచా ఇచ్చాను. పప్పన్నం తీసుకుంటే నోటి దగ్గరికి వచ్చేసరికి చెంచా బోర్లా పడుతోంది. ఆ వయసులో మణికట్టు ఇంకా సరిగ్గా తిరగదు. గట్టిగా కలిపిన పెరుగన్నమైతే చెంచాకి అంటుకుని ఉంటుంది, కింద పడదు. మొదలుపెట్టేవాళ్లు పెరుగన్నంతోనే మొదలుపెట్టండి, చెంచా కూడా పొట్టి కాడది, కాస్త లోతుగా ఉన్నది ఇవ్వండి. కుర్చీ కింద పాత దుప్పటి పరిస్తే మెతుకులు ఎండిపోయి నేలకి అంటుకోవు.

చేత్తో తింటానంటే తిననివ్వండి. అన్నం, పప్పు కలిపి, వేళ్లతో దగ్గరికి తీసి, బొటనవేలితో నోట్లోకి తొయ్యడం చిన్న పని కాదు. ఫారంలో దానికి గడి లేదంతే.

ఇలా చెప్తున్నాను గానీ, సోమవారం చెంచా ఇచ్చి, బుధవారం మీటింగ్ ఉందని గబగబా నేనే కుక్కేశాను. పాప ఏడ్చింది. రోజుకొక రకంగా ఉంటే దానికి ఏమర్థమవుతుంది? ఓపిక లేక పెడుతున్నానా, ప్రేమతో పెడుతున్నానా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నిన్న దానికి జ్వరం వచ్చింది. చెంచా పక్కన పడేసి, నా భుజానికి ఆనుకుని, చారన్నం ముద్దకి నోరు తెరిచింది. ఒళ్లు కాలిపోతున్న పిల్లని ఒళ్లో పెట్టుకుని, కాసేపు నేను సంతోషపడ్డాను.