వెనక డిస్క్ బ్రేక్: నూనె పట్టిన ప్యాడ్ల నుంచి మళ్లీ పట్టు దాకా

ముందు బండి వివరాలు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న హైబ్రిడ్ సైకిల్, షిమానో ఎంటీ200 హైడ్రాలిక్ బ్రేకులు (గొట్టంలోని నూనె ఒత్తిడితో పనిచేసేవి), ఆరు బోల్టులతో బిగించే 160 ఎం.ఎం. రోటర్లు (చక్రంతో పాటు తిరిగే డిస్కులు). వెనక బ్రేక్ వేస్తే వీధి చివరిదాకా వినపడేంత కీచు. అరుపు ఒక్కటే అయితే కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు. లివర్ ఎంత గట్టిగా నొక్కినా బండి జారుతూనే పోతోంది. విశాఖలో ఎటు తిరిగినా ఏదో ఒక డౌన్ తగులుతుంది కాబట్టి, పక్కన పెట్టే పని కాదిది.

అరుపును బట్టే జబ్బు చాలావరకు తెలిసిపోతుంది. తడిసినప్పుడు మాత్రమే అరిచి, నాలుగు బ్రేకులు వేశాక ఊరుకుంటే పట్టించుకోనక్కర్లేదు. పట్టు బాగానే ఉండి అరుస్తుంటే క్యాలిపర్ (ప్యాడ్లతో రోటర్‌ని రెండు వైపులా నొక్కే భాగం) బోల్టులో, రోటర్ బోల్టులో వదులై ఉండాలి, లేదా క్యాలిపర్ వంకరగా కూర్చుని ఉండాలి. అరుపూ ఉండి పట్టూ లేదంటే మాత్రం ప్యాడ్లకు నూనె తగిలినట్టే. నాది మూడో రకం.

నూనె ఎక్కడిది?

ప్యాడ్లు కొనే ముందు తేల్చాల్సింది ఇది. క్యాలిపర్ లోపలి సీల్ కారుతుంటే ఎన్ని కొత్త ప్యాడ్లు వేసినా అవీ పాడైపోతాయి. క్యాలిపర్‌ని బయటి నుంచి శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, పాత ప్యాడ్లు, చక్రం యథాస్థానంలో ఉండగానే లివర్‌ని నొక్కి రబ్బరు బ్యాండుతో కట్టేశాను. రాత్రంతా అలాగే ఉంచాను. (ప్యాడ్లు తీసేసి లివర్ నొక్కితే ప్యాడ్లను నెట్టే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి, ఆ పని చేయొద్దు.) పొద్దున చక్రం, ప్యాడ్లు తీసి టార్చి వేసి చూస్తే పిస్టన్ల చుట్టూ పొడిగానే ఉంది. మెత్తటి టిష్యూ తిప్పినా తడి అంటలేదు. అంటే నూనె బయటి నుంచి వచ్చిందే.

ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాలేదు. సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుందని ఇక్కడ చాలామంది సైకిల్ మొత్తానికి స్ప్రే కొట్టేస్తారు. ఈ బండి చువ్వల మధ్య, హబ్ మీద కూడా ఆ జిడ్డు పొర కనిపించింది. రోటర్ స్టెయిన్‌లెస్ స్టీల్. దానికి తుప్పు మందు అవసరమే లేదు.

ప్యాడ్ల సంగతి

బండి చూసిన మెకానిక్ అన్న ఒక్కటే మాట అన్నాడు, "పొయ్యి మీద కాల్చెయ్యండి సార్, పోద్ది." చాలామంది చేసే పనే. కానీ నావి రెసిన్ ప్యాడ్లు, అంటే జిగురులాంటి పదార్థంతో గట్టిపరిచినవి. మంట తగిలితే రెసిన్ మాడుతుంది, ప్యాడ్‌ని వెనక రేకుకు అతికించిన జిగురు కూడా బలహీనపడొచ్చు. ప్రాణం ఆధారపడిన వస్తువును వంటింట్లో కాల్చి మళ్లీ బిగించడం నాకు సమ్మతం కాదు.

అయినా ఒక పరీక్ష చేయాలనిపించింది. గాజు పలక మీద 120 నంబరు సాండ్ పేపర్ పరిచి, ప్యాడ్ ముఖాన్ని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాను. మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము పీల్చకూడదు. నల్లగా మెరుస్తున్న పొర పోయి బూడిదరంగు గరుకు ముఖం తేలింది. చూస్తే కొత్తదే అనిపించింది. దాన్ని తెల్లటి టిష్యూ మీద బోర్లించి బాల్కనీలో ఎండకు పెట్టాను. గంట తర్వాత ఎత్తి చూస్తే టిష్యూ మీద ప్యాడ్ ఆకారంలోనే పసుపుపచ్చ మరక, అంచుల వెంట ఇంకాస్త ముదురుగా. ప్యాడ్ స్పాంజిలా నూనెను లోపలిదాకా తాగేసింది. పైపైన గీకితే రెండు రోజులు బాగుంటుంది, వేడెక్కిన కొద్దీ లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. కొత్త జత కొన్ని వందల రూపాయల్లోనే వస్తుంది కాబట్టి పాతవి పక్కన పడేశాను.

కొనేటప్పుడు రోటర్ మీద అక్షరాలు చదవండి. నా దాని మీద "రెసిన్ ప్యాడ్ ఓన్లీ" అని ఉంది. అలాంటి రోటర్‌కి మెటల్ ప్యాడ్లు వేస్తే రోటర్ తొందరగా అరిగిపోతుంది.

రోటర్‌ని కాపాడుకోవచ్చు

ఉక్కు నూనెను తాగదు, అందుకే రోటర్ మార్చనక్కర్లేదు. టీ25 స్టార్ కీతో విప్పి, వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగాను. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మొదలుపెట్టాను. మొబైల్ రిపేరు షాపుల్లో బోర్డులు తుడిచేది ఇదే, 99 శాతంది తీసుకోండి. ఒకే గుడ్డతో రుద్దితే నూనె అటూ ఇటూ పాకుతుందంతే. గుడ్డ మీద నలుపు రావడం ఆగేదాకా గుడ్డ మారుస్తూనే ఉండాలి. చిల్లుల అంచుల్లో జిడ్డు దాక్కుంటుంది, అక్కడికి కాటన్ బడ్. చివర్లో 320 సాండ్ పేపర్‌తో పాత పొరను తేలిగ్గా గీరి మళ్లీ తుడిచాను.

శానిటైజర్ వాడొద్దు. చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, ఆరాక పొర మిగులుతుంది. పెట్రోలు, కిరసనాయిలు జోలికి అసలే పోవద్దు.

మందం కూడా కొలిచాను, 1.7 ఎం.ఎం. కొత్తది 1.8 ఉంటుంది, 1.5 కి వస్తే షిమానో మార్చమంటుంది. ఇంకా ఆయుష్షుంది.

బిగింపు

చేతులు సబ్బుతో కడుక్కుని కొత్త ప్యాడ్లను అంచులతోనే పట్టుకున్నాను. రోటర్ బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా, 2 నుంచి 4 న్యూటన్ మీటర్ల బిగువుతో. క్యాలిపర్ రెండు బోల్టులు వదులుగా ఉంచి, లివర్ నొక్కి పట్టుకుని, 6 నుంచి 8 దాకా బిగించాను. చక్రం తిప్పితే రాపిడి శబ్దం లేదు.

బెడ్డింగ్

చాలామంది వదిలేసేది ఇదే, నా దృష్టిలో సగం పని ఇదే. ప్యాడ్ పదార్థం పలుచని పొరగా రోటర్ మీద సమంగా పరుచుకోవాలి, పట్టు ఆ పొరతోనే వస్తుంది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకుని, నడక వేగం దాకా నింపాదిగా తగ్గించాలి. పూర్తిగా ఆగకూడదు, చక్రం లాక్ కాకూడదు. ఇలా 20 సార్లు, తర్వాత 30 వేగం నుంచి ఇంకో పదిసార్లు. మొదట్లో బ్రేక్ ఉందా లేదా అన్నట్టుంటుంది, టెన్షన్ పడక్కర్లేదు. సగానికి వచ్చేసరికి లివర్ కింద పట్టు దొరకడం వేలికి స్పష్టంగా తెలిసింది. రోటర్ చల్లారేదాకా ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది.

తర్వాత కైలాసగిరి ఘాట్ ఎక్కి దిగాను. మలుపుల దగ్గర ఒక్క వేలితో వేగం తగ్గుతోంది. కీచు లేదు, పొడి రోడ్డు మీద చిన్న గరగర మాత్రమే.

ఇక మీదట చైన్‌కి స్ప్రే వద్దు, చుక్కల సీసాయే. అది కూడా రోటర్‌కి ప్లాస్టిక్ కవర్ తొడిగాకే. ముందు బ్రేక్ అరవడం లేదు గానీ లివర్ కాస్త మెత్తగా ఉంది, గొట్టంలో గాలి చేరి ఉండాలి. మినరల్ ఆయిల్, బ్లీడింగ్ (గొట్టంలోని గాలి తీసే పని) కిట్ తెప్పిస్తున్నాను. ఆ పని మొదలయ్యేలోపు ముందు ప్యాడ్లు, వెనక కొత్త ప్యాడ్లు రెండూ తీసి జిప్ కవర్లో దాచేస్తాను, బ్లీడింగ్‌లో ఒక్క చుక్క ఒలికినా కథ మళ్లీ మొదటికొస్తుంది.