సీపీసీ (మెడికల్ కోడర్ల సర్టిఫికేషన్ పరీక్ష) రాసేవాళ్లకి: టెర్మినాలజీ "నాలుగు మార్కులే" అని వదిలేయకండి

చెన్నైకి మెడికల్ కోడింగ్ (డాక్టర్ రిపోర్టులోని జబ్బులకీ చికిత్సలకీ కోడ్‌లు వేసే పని) నేర్చుకోడానికి వచ్చే మన నెల్లూరు, తిరుపతి, కడప పిల్లలు మొదట అడిగేది ఇదే: "అక్కా, టెర్మినాలజీ, అదే వైద్య పదాల నుంచి నాలుగు ప్రశ్నలే కదా వచ్చేది, వదిలేస్తే ఏమవుతుంది?"

లెక్క ప్రకారం వాళ్లన్నది నిజమే. సీపీసీలో 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. టెర్మినాలజీ పేరుతో 4, అనాటమీ పేరుతో ఇంకో 4. కానీ సర్జరీ ప్రశ్నలు తీసి చూడండి. పదివేల నంబర్ల కోడ్‌ల సిరీస్ నుంచి అరవైవేల సిరీస్ దాకా ఒక్కోదానికి ఆరేసి. అక్కడ నాలుగు ఆప్షన్లకీ తేడా చాలాసార్లు ఒక్క మాటే: డిస్టలా (దూరపు కొనా) ప్రాక్సిమలా (దగ్గరి కొనా), అవయవం తీసేశారా, ఊరికే కోసి చూశారా. ప్రశ్నకి రెండున్నర నిమిషాలు కూడా రావు. ఆ మాటకి అర్థం వెతుక్కుంటూ కూర్చుంటే కోడ్ ఎప్పుడు వెతుకుతారు?

నేను బీకాం. బైపీసీ వాళ్లకే ఇది వస్తుందని మా బ్యాచ్‌లో చాలామంది భయపడ్డారు. నా లెక్కలో వాళ్లకి కలిసొచ్చేది అవయవాల పేర్లు ముందే తెలిసి ఉండటం, అంతే. మిగతాదంతా అందరికీ కొత్తే.

మొదట చెప్పేది: మాటని వెనక నుంచి చదవండి. చివరి ముక్క ఏం జరిగిందో చెబుతుంది, ముందుది ఎక్కడో చెబుతుంది. ఏ నుంచి జెడ్ దాకా లిస్టు బట్టీ పట్టేకంటే ఒక్క అవయవాన్ని పట్టుకుని దాని చుట్టూ తిరగడం మేలు. నేను కిడ్నీని పట్టుకున్నాను. నెఫ్రెక్టమీ అంటే కిడ్నీ తీసేయడం. నెఫ్రాటమీ అంటే కోత పెట్టడం. నెఫ్రాస్టమీ అంటే బయటికి దారి పెట్టడం. నెఫ్రోపెక్సీ అంటే జారిన కిడ్నీని దాని చోట నిలబెట్టి కుట్టడం. నెఫ్రోరఫీ అంటే చిరిగినచోట కుట్టడం. నెఫ్రైటిస్ వాపు. నెఫ్రోలిథియాసిస్ రాళ్లు. ఇవి వచ్చాక "నెఫ్రో" తీసి "గ్యాస్ట్రో" పెట్టండి, "హెపటో" పెట్టండి, సగం సిలబస్ దానంతటదే కదులుతుంది. వేలచ్చేరి స్టేషన్‌లో ఎమ్‌ఆర్‌టీఎస్ రైలెక్కి కోట్టూర్‌పురంలో దిగేలోపు ఒక అవయవం పూర్తి చేసేదాన్ని. అక్కడ అన్నా సెంటినరీ లైబ్రరీలో మన పుస్తకాలు మనమే తెచ్చుకుని చదువుకునే హాలు ఉంది. ఏసీ, మంచినీళ్లు, నిశ్శబ్దం. పీజీ రూముల్లో ఈ మూడూ ఒకేసారి దొరకవు.

ఇక డైరెక్షన్లు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అన్నిటికీ ఆధారం అనటామికల్ పొజిషన్: నిటారుగా నిలబడాలి, ముఖం ఎదురుగా, చేతులు పక్కన, అరచేతులు ముందుకి తిప్పి. పుస్తకంలో బొమ్మ చూసి సరిపెట్టుకోకండి, లేచి నిలబడండి. మా హాస్టల్ వరండాలో నేనలా నిలబడితే నెల్లూరు నుంచి వచ్చి పీజీ నడుపుతున్న ఆంటీ చూసి, "ఏంది పాపా, చేతులు అట్ట తిప్పుకోని నిలబడ్డావు, ఎవురన్నా ఏమన్నా పెడతారనా?" అంది. నవ్వితే నవ్వనీండి. అరచేయి ముందుకి తిరిగితేనే బొటనవేలు బయటివైపుకి వస్తుంది. ముంజేతి ఎముకల్లో బొటనవేలి వైపున్న రేడియస్ ల్యాటరల్ (బయటివైపుది), చిటికెనవేలి వైపున్న అల్నా మీడియల్ (లోపలివైపుది). చెయ్యి మామూలుగా వేలాడేసుకుని చదివితే ఇది బుర్రకెక్కదు.

ప్రాక్సిమల్, డిస్టల్ చేతులకీ కాళ్లకీ ఎక్కువ వాడతారు: మొండెం దగ్గరిది ప్రాక్సిమల్, దూరంది డిస్టల్. రూమ్మేట్ చేత ఒక ఆట ఆడించేదాన్ని. నేను "డిస్టల్ రేడియస్" అంటే ఆమె మణికట్టు తట్టాలి, "ప్రాక్సిమల్ రేడియస్" అంటే మోచేయి. ఇందులో ఒక మెలిక ఉంది. డాక్టర్ రిపోర్టులో డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్ అని రాస్తాడు. చికిత్సల కోడ్‌ల పుస్తకం సీపీటీలో కూడా డిస్టల్ అనే ఉంటుంది, మానిప్యులేషన్ (ఎముకని సరిచేసి కూర్చడం) లేని క్లోజ్డ్ ట్రీట్‌మెంట్ (కోయకుండా చేసే వైద్యం) అయితే 25600, మానిప్యులేషన్ చేస్తే 25605. జబ్బుల కోడ్‌ల పుస్తకం ఐసీడీ-10-సీఎమ్ దగ్గరికి వచ్చేసరికి అదే చోటు "లోయర్ ఎండ్ ఆఫ్ రేడియస్", ఎస్52.5. పైకొన అయితే "అప్పర్ ఎండ్", ఎస్52.1. నడిమి భాగం షాఫ్ట్, ఎస్52.3. డిస్టల్, లోయర్ ఎండ్ ఒకటేనని చేతికి తెలిసినవాళ్లు నేరుగా పేజీకి వెళ్తారు, తెలియనివాళ్లు ఇండెక్స్‌లో తిరుగుతూ ఉంటారు.

కుడి, ఎడమ ఎప్పుడూ పేషెంటువే. బొమ్మలో పేషెంటు మనకి ఎదురుగా ఉంటాడు కాబట్టి మన కుడిపక్కన కనిపించేది అతని ఎడమ. వేళ్ల మాడిఫయర్లలో (కోడ్ చివర తగిలించే గుర్తులు) దీని పని బాగా తెలుస్తుంది: ఎఫ్ఏ ఎడమ బొటనవేలు, ఎఫ్5 కుడి బొటనవేలు. కాలికైతే టీఏ, టీ5. యాంటీరియర్ ముందు, పోస్టీరియర్ వెనక, సుపీరియర్ పైన, ఇన్ఫీరియర్ కింద. సుపైన్ వెల్లకిలా, ప్రోన్ బోర్లా. సాజిటల్ ప్లేన్ కుడి ఎడమలుగా కోస్తుంది, కొరోనల్ ముందు వెనకలుగా, ట్రాన్స్‌వర్స్ పైన కిందలుగా. ఇవి ఒక సాయంత్రం పని.

జబ్బుల మాటల్లో జాగ్రత్తగా ఉండాల్సినవి పొడుగాటివి కాదు, రోజూ వినేవే. అక్యూట్ అంటే సీరియస్ అని మనలో చాలామంది లెక్క. కోడింగ్‌లో అది ఉన్నట్టుండి మొదలైన జబ్బు, క్రానిక్ అంటే చాలాకాలంగా సాగుతున్నది. పిత్తాశయం వాపు చూడండి: అక్యూట్ అయితే కె81.0, క్రానిక్ అయితే కె81.1, రెండూ కలిసి ఉంటే కె81.2. "ఐటిస్" కనపడగానే ఇన్ఫెక్షన్ అనుకోకండి, అది వాపు మాత్రమే. "ఓమా" అన్నదల్లా గడ్డ కాదు, గడ్డయినా ప్రతిదీ హానిలేనిదీ కాదు: హెమటోమా అంటే రక్తం చేరడం, మెలనోమా, లింఫోమా క్యాన్సర్లు. ఐసీడీలోని నియోప్లాజం (గడ్డల) టేబుల్‌లో "అన్‌సర్టెన్", "అన్‌స్పెసిఫైడ్" అని రెండు కాలమ్‌లు పక్కపక్కనే ఉంటాయి. పాథాలజిస్టు పరీక్షించి కూడా గడ్డ క్యాన్సరో కాదో తేల్చలేకపోతే మొదటిది, రికార్డులో ఆ సంగతే రాయకపోతే రెండోది. మాక్ టెస్టుల్లో దీని మీద ఎందరు పడ్డారో చెప్పలేను.

నోట్సు తెలుగులో రాసుకునేవాళ్లకి ఒక మాట. చిన్నపేగు చివరి భాగమూ ఇలియమే, తుంటి ఎముక పైభాగమూ ఇలియమే. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో పేగుకి మధ్యలో "ఈ", ఎముకకి "ఐ". తెలుగులో రాస్తే ఆ తేడా మాయం. అందుకే జంటమాటలకి స్పెల్లింగ్ ఇంగ్లిష్‌లోనే రాసుకోండి, అర్థం మాత్రం తెలుగులో. యురేటర్ కిడ్నీ నుంచి మూత్రాశయానికి, యురెత్రా మూత్రాశయం నుంచి బయటికి. పెరోనియల్ కాలిది, పెరినియల్ మర్మాంగాల దగ్గరిది, పెరిటోనియల్ కడుపు లోపలి పొరది. "మయో" కండరం, "మయెలో" వెన్నుపాము గానీ ఎముక మజ్జ గానీ. సర్వైకల్ మెడా కావచ్చు, గర్భాశయ ముఖద్వారమూ కావచ్చు, పక్కన ఉన్న వాక్యం చదవందే తేలదు.

పరీక్షకి పుస్తకాలు తీసుకెళ్లనిస్తారు కదా అని ధైర్యంగా ఉండేవాళ్లున్నారు. సీపీటీ ప్రొఫెషనల్ ఎడిషన్‌లో శరీరం బొమ్మలున్నాయి, ఉపసర్గల లిస్టుంది, నిజమే. కోడింగ్ పనికి సంబంధించిన చేతిరాత నోట్సు మార్జిన్లలో ఉండొచ్చు, పేజీ గుర్తుకి ట్యాబులు పెట్టుకోవచ్చు, విడి కాగితాలు అంటించకూడదు. కాబట్టి ఆ జంటమాటలు ఆయా సెక్షన్ మొదట్లో పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి: యురేటర్ జంట యూరినరీ దగ్గర, ఇలియం జంట డైజెస్టివ్ దగ్గర. సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు ఏ సంవత్సరం ఎడిషన్ అనుమతిస్తారో పరీక్ష పెట్టేవాళ్ల సైట్‌లో చూసుకోండి. ఐసీడీ కొత్త కోడ్‌లు అక్టోబర్ 1న వస్తాయి, సీపీటీవి జనవరి 1న. పాత పుస్తకం చవగ్గా వచ్చిందని సంబరపడి కొంటే నోట్సంతా మళ్లీ కొత్తదాంట్లోకి ఎక్కించుకోవాల్సి వస్తుంది.