తెరచాప బడికి మూటాముల్లె

‘సూట్‌కేసులు వద్దు, మడిచి పెట్టుకునే సంచులే తెచ్చుకోండి.’ ఫుకెట్‌లోని సెయిలింగ్ స్కూలు పంపిన కాగితంలో మొదటి మాట ఇదే. థాయ్‌లాండ్ పడమటి తీరాన ఫాంగ్ న్గా అఖాతంలో వారం పాటు పడవలోనే వండుకుని, పడవలోనే పడుకుని, దీవుల మధ్య తెరచాప నడపడం నేర్చుకునే కోర్సు అది. నలభై అడుగులైనా లేని పడవలో అయిదారుగురం ఉండాలి. గట్టి పెట్టె తెస్తే దాన్ని ఎక్కడా పెట్టలేం. ఖాళీ సంచీ అయితే చుట్టి పరుపు కింద తోసేయొచ్చు. హనుమకొండ వాళ్ళం సముద్రం చూడాలంటేనే ఒక రాత్రి రైల్లో గడపాలి. అలాంటి ఊరి నుంచి ఈ కోర్సుకు పోతానంటే మా ఇంట్లో సగం మంది నవ్వారు. అమ్మకు మాత్రం టెన్షనే.

ఎప్పుడు పోవాలన్న దానికి పెద్దగా ఆలోచించలేదు. డిసెంబర్ నుంచి మార్చి దాకా అక్కడ ఈశాన్యపు గాలి వీస్తుంది, వానలు తక్కువ. అఖాతానికి ఉత్తరాన, తూర్పున నేల అడ్డు ఉంది కాబట్టి గాలి ఉన్నా అలలు పెద్దగా లేవవు. సంక్రాంతి కాగానే బయలుదేరేట్టు పెట్టుకున్నాను. దాంతో డబ్బా నిండా సకినాలు కూడా సంచీలోకి చేరాయి. కడుపులో తిప్పినప్పుడు ఇలాంటి పొడి తిండే దిగుతుంది, అందుకని వద్దనలేదు.

ముడులు ముందే నేర్చుకుని రమ్మన్నారు. బౌలైన్, క్లోవ్ హిచ్, ఫిగర్ ఆఫ్ ఎయిట్, రౌండ్ టర్న్. వీడియోలో చూస్తే అంతా అర్థమైనట్టే ఉంటుంది, చేతికి మాత్రం రాదు. కిటికీ చువ్వకు తాడు కట్టి, టీవీ చూస్తూ, ఫోన్ మాట్లాడుతూ వేసేదాన్ని. పరకాల దగ్గర మా ఊరికి పోయినప్పుడు, తాటిచెట్లెక్కే గౌడ్ కాకకు బౌలైన్ వేసి చూపించాను. మోకు మీద ప్రాణం పెట్టి బతికిన మనిషి ఆయన. నా ముడిలో కాలు పెట్టి ఒళ్ళంతా వేసి గుంజాడు.

“జారదు బిడ్డా. మరి ఇప్పస్తదా?”

“బరువు దిగినంక వెనక మెలికను ఇట్ల నెడితే వదులైతది కాకా.”

“బరువు మీదున్నప్పుడో?”

“అప్పుడు రాదు.”

“అట్లనే ఉండాలె,” అన్నాడు. ఏ పుస్తకమూ ఇంత తక్కువ మాటల్లో చెప్పలేదు.

మిగతా సామాన్ల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. డెక్ మీద మరకలు పడకుండా తెల్ల సోలు బూట్లు, మెడకు దారం ఉన్న టోపీ, నిండు చేతుల చొక్కాలు, తలకు పెట్టుకునే టార్చి. వాంతులకు అవోమిన్ లాంటి మాత్రలు డాక్టర్ని అడిగి తెచ్చుకున్నాను. అవి తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు, పడవ కదలక ముందే వేసుకోవాలి. నిద్ర మత్తు వస్తుంది కాబట్టి ఇంట్లోనే ఒక సెలవు రోజు వేసుకుని చూడడం మంచిది. అల్లం మురబ్బా కూడా పెట్టుకున్నాను, అది నా నమ్మకం.

గాలిని చూడడం నేర్చుకుందామని లక్నవరం పోయాను. అందరూ వేలాడే వంతెన మీద సెల్ఫీలు దిగుతుంటే నేను నీళ్ళ మీద నల్లటి మచ్చల కోసం వెతికాను. గాలి జోరుగా తగిలిన చోట నీళ్ళు చిన్న చిన్న ముడతలు పడి నల్లగా కనిపిస్తాయి. ఆ మచ్చ ఎటు కదులుతుందో చూస్తే గాలి మన మీదికి ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తుంది. కాకతీయులు గుట్టల మధ్య కట్ట పోసి నిలిపిన చెరువు కదా, గాలి ఒక దిక్కు నుంచి రాదు. గుట్టల సందుల్లోంచి తిరిగి తిరిగి వస్తుంది. ఫాంగ్ న్గాలో నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాయి గుట్టల మధ్య కూడా గాలి ఇలాగే తిరుగుతుంది. మన చెరువు కొంత పాఠం చెప్పినట్టే.

ఇంకొంత హుస్సేన్ సాగర్ చెప్పింది. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, తెరచాప పడవలు నేర్పే ఒక క్లబ్బులో చిన్న డింగీ ఎక్కాను. గాలికి ఎదురుగా ఏ తెరచాపా పోదు. గాలి దిక్కుకు దాదాపు 45 డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మలుపులు తిప్పుతూ గాలి వచ్చే వైపుకు పోవాలి. చదివినప్పుడు లెక్కలా అనిపించిన ఈ సంగతి చుక్కాని పట్టుకున్నాక ఒంటికి తెలిసింది. గాలి వైపు ఎక్కువ తిప్పితే తెరచాప టపటపా కొట్టుకుంటుంది, పడవ ఆగిపోతుంది.

ఈ చెరువులేవీ చెప్పలేనిది ఆటుపోట్ల సంగతి. మన దగ్గర చెరువు వానాకాలంలో నిండుతుంది, యాసంగి మడుల్లోకి పారి ఎండాకాలానికి అడుగంటుతుంది. ఏడాదికి ఒక్కసారి జరిగే పని. ఫుకెట్ దగ్గర సముద్రం రోజుకు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఆ తేడా ఎక్కువ. పోనీ ఎక్కేదైనా సమంగా ఎక్కుతుందా అంటే అదీ లేదు. ఆరు గంటల్లో మొత్తం తేడాను పన్నెండు పాళ్ళు చేస్తే, గంట గంటకు 1, 2, 3, 3, 2, 1 పాళ్ళ చొప్పున మారుతుందని ఒక మోటు లెక్క. తేడా 2.4 మీటర్లు అనుకుందాం. మొదటి గంటలో 20 సెంటీమీటర్లే ఎక్కుతుంది, మూడో గంటలో 60 ఎక్కుతుంది.

ఇది పరీక్ష కోసం చదివే లెక్క కాదు. నీళ్ళు బాగా దిగినప్పుడు 5 మీటర్ల లోతులో లంగరు వేసి, లోతుకు నాలుగు రెట్లని 20 మీటర్ల గొలుసు వదిలి పడుకుంటే, అర్ధరాత్రికి లోతు 7.4 మీటర్లవుతుంది. ఆ గొలుసు అప్పుడు చాలదు, 30 మీటర్లయినా ఉండాలి. లేకపోతే లంగరు ఈడ్చుకుంటూ పడవ రాళ్ళ వైపు పోతుంది. పోటు మీద లంగరేస్తే భయం ఇంకో రకం, నీళ్ళు దిగాక పడవ అడుగు నేలకు తగలొచ్చు. ఫాంగ్ న్గాలో ఉత్తరానికి పోయే కొద్దీ లోతు తగ్గుతుంది కాబట్టి ఈ భయం అక్కడ ఎక్కువే. కొన్నాళ్ళు రోజూ బ్యాంకు నుంచి వచ్చాక ఈ లెక్కలే చేశాను. పిల్లల ఎక్కాలకు దొరకని తీరిక దీనికెలా దొరికిందని మా ఆయన అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

శంషాబాద్‌లో విమానమెక్కి ఫుకెట్‌లో దిగి, దక్షిణాన ఉన్న చలాంగ్ అఖాతం చేరేసరికి సాయంత్రమైంది. మా గురువు ఆస్ట్రేలియా ఆయన, మాటలు తక్కువ. తెరచాపల జోలికే పోకుండా మమ్మల్ని లోపలికి తీసుకుపోయి మొదట బాత్రూమ్ చూపించాడు. చేత్తో పంపు కొట్టాలి, తిన్నది తప్ప ఇంకేదీ అందులో పడకూడదు, కాగితం కూడా. మంచినీళ్ళ ట్యాంకు అందరికీ కలిపి ఒకటే, గిన్నెలు సముద్రపు నీళ్ళతో తోమి చివరికి ఒక్కసారి మంచినీళ్ళతో కడగాలి. ఆ తర్వాత లైఫ్ జాకెట్లు కొలతకు బిగించి, గ్యాసు వాల్వు ఎక్కడ మూయాలో, రేడియోలో 16వ ఛానెల్‌లో ఆపద కబురు ఎలా పంపాలో మా అందరి చేతా ఒక్కొక్కరిగా చేయించి చూశాడు.

చివరికి పనుల పట్టిక గోడకు అంటించాడు. మర్నాడు మధ్యాహ్నం వంట నాదట. పడవ ఒరిగినా గిన్నె నిలువుగా ఉండేలా ఊగే పొయ్యి మీద. వెంటనే ఒడ్డుకు పోయి కందిపప్పు కోసం వెతికాను, దొరకలేదు. ఎర్రపప్పు, చింతపండు, పచ్చిమిరపకాయలు మాత్రం దొరికాయి. పప్పుచారుకు అవి చాలు.