నాన్న కోసం రికార్డింగ్ బాక్సు: పర్లాకిమిడిలో నా అనుభవం

మా పర్లాకిమిడి ఆంధ్రా సరిహద్దుని ఆనుకొని ఒడిశాలో ఉంది. ఇక్కడ కేబుల్ పెట్టించుకుంటే ముందు ఒడియా ఛానళ్లు వస్తాయి, తెలుగు కావాలంటే దాని మీద ఇంకో ప్యాక్ వేయించుకోవాలి. ఆ ప్యాక్ నిండా సీరియళ్లు, చర్చల పేరుతో కేకలు. నాన్నకి అవేవీ అక్కర్లేదు. ఆయనకి కావలసింది దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి. హరికథలు, పాటకచేరీలు, వ్యవసాయం కబుర్లు. ఆ రెండు ఛానళ్లూ డీడీ ఫ్రీ డిష్‌లో నెలకి పైసా కట్టకుండానే వస్తాయి. చిక్కల్లా వేళలతోనే. ఆయనకి నచ్చినవి వచ్చే వేళకి ఆయన పొలంలో ఉంటారు, లేదా కరెంటు ఉండదు, లేదా మా అబ్బాయి డీడీ స్పోర్ట్స్ పెట్టుకొని కదలడు. అందుకని ఈ వేసవిలో రికార్డు చేసే బాక్సు, అంటే డిష్‌కీ టీవీకీ మధ్య పెట్టే సెట్‌టాప్ బాక్సు, కొందామని బయల్దేరాం.

తమ్ముడు విశాఖ నుంచి ఫోన్ చేసి, వేవ్స్ యాప్‌లో చూసుకోమన్నాడు. ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన యాప్ అది, బాగానే ఉంది. "ఆ గోరంత తెర మీద హరిదాసు మొహం ఏటి కనబడతాదిరా" అని నాన్న ఒక్క మాటతో కొట్టిపారేశారు.

నాన్న మొదట అడిగింది డాబా మీదున్న పాత యాంటెన్నా గురించి. దానికి డిజిటల్ బాక్సు తగిలిస్తే డిష్ అక్కర్లేదని ఆయనకెవరో చెప్పారు. మాట అబద్ధం కాదు గానీ మన ఊరికి వర్తించదు. యాంటెన్నాతో పట్టుకునే డిజిటల్ ప్రసారాన్ని, అంటే డీవీబీ-టీ2ని, దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో మొదలుపెట్టింది. వాటిలో ఒడిశాకి దక్కింది కటక్ ఒక్కటే. అక్కడి టవర్ సిగ్నల్ కొన్ని పదుల కిలోమీటర్లు పోతే గొప్ప. మనకీ కటక్‌కీ మధ్య రెండొందల కిలోమీటర్ల పైమాటే. పాత పద్ధతిలో నడిచిన ట్రాన్స్‌మిటర్లేమో 2022 మార్చికల్లా దేశమంతటా దాదాపు అన్నీ ఆపేశారు. అయినా ఆన్‌లైన్‌లో "నెల బిల్లు లేని టీవీ" అంటూ టీ2 బాక్సులు అమ్ముతూనే ఉన్నారు. మా వైపు వాళ్లెవరైనా కొంటే ఖాళీ తెర చూసుకోవాలి. డిష్‌కీ యాంటెన్నాకీ కలిపి పనిచేసే కాంబో బాక్సులూ ఉన్నాయి, కొంచెం ఎక్కువ ధర. అవి బాగానే పనిచేస్తాయి, కాకపోతే ఇక్కడ అందులో సగం భాగానికి పనే ఉండదు.

డిష్ మాకు ఇదివరకే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పాతది పిట్టగోడతో సహా ఎగిరిపోతే, కొత్తదాన్ని గోడకే బోల్టులు దింపి బిగించాం. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి, అది ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. మా ఊరి నుంచి చూస్తే దక్షిణానికి కాస్త తూర్పుగా, 65 డిగ్రీల ఎత్తున, అంటే దాదాపు నడినెత్తి మీదే. ఇంత ఎత్తు కాబట్టి పక్కింటి కొబ్బరిచెట్లు మాకు అడ్డం రాలేదు.

ఇక బాక్సు. బజార్లో మాకు తెలిసిన కొట్టుంది. కొట్టతను నాన్న దగ్గర లెక్కలు చదువుకున్నాడు. "అన్నింట్లోనూ రికార్డింగ్ ఉంది మాస్టారూ, రిమోట్‌లో ఎర్ర బటన్ నొక్కీడమే" అన్నాడు. అట్టపెట్టెల మీద కూడా అలాగే రాసుంది. నేను ఇంటి నుంచి పెన్‌డ్రైవూ, ల్యాప్‌టాపూ పట్టుకెళ్లాను. కొట్టు మీద వాళ్లకో డిష్ ఉంది కదా, దానికి తగిలించి నా కళ్లముందు రికార్డు చేసి చూపించమన్నాను. అతనికి కొంచెం ఇబ్బందిగానే అనిపించింది గానీ మాస్టారు పక్కనుండగా కాదనలేకపోయాడు.

అన్నింటికంటే చవగ్గా ఉన్నవి పాత ఎంపెగ్-2 బాక్సులు. ఎంపెగ్ అంటే బొమ్మని కుదించి పంపే పద్ధతి, 2 పాతది, 4 కొత్తది. వాటిని ముట్టుకోనేలేదు. ఫ్రీ డిష్‌లో కొన్ని ఛానళ్లు ఎంపెగ్-4లో వస్తాయి, ఆ బాక్సుల్లో అవి కనిపించవు. ఎంపెగ్-4 బాక్సులో రెండు రకాలూ వస్తాయి. ధరలో తేడా రెండు మూడు వందలు.

మిగిలిన వాటిలో ఒకటి పెన్‌డ్రైవ్ పెట్టగానే "స్పీడ్ చాలదు" అని అలిగింది. ఇంకొకటి రికార్డు చేసింది గానీ, ఆ ఫైలు దాని సొంత పద్ధతిలో ఉండి ల్యాప్‌టాప్‌లో తెరుచుకోలేదు. నాకు ఇది ముఖ్యం. నాన్న రికార్డు చేసినదాన్ని విశాఖలో తమ్ముడికి పంపాలంటే, రేపు ఈ బాక్సు చెడిపోతే ఇంకోదాంట్లో చూడాలంటే, ఆ ఫైలు ఎక్కడైనా ఆడాలి. మూడో రకం టీఎస్ అనే మామూలు వీడియో ఫైలుగా రాసింది, ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్లో వెంటనే ఆడింది. ఈ మధ్యలో కొట్టతను నెలనెలా డబ్బు కట్టే డీటీహెచ్ కంపెనీ రికార్డర్ కూడా చూపించాడు. అందంగా ఉంది. కానీ వాటిలో రికార్డు చేసినవి ఆ బాక్సులోనే ఆడతాయి, బయటికి తీసుకెళ్తే తెరుచుకోవు.

అసలు పరీక్ష టైమర్ దగ్గర వచ్చింది. నాన్న ఇంట్లో లేనప్పుడే కదా రికార్డు అవ్వాలి. టైమర్ పెడదామని మెనూలోకి వెళ్తే కొట్లో గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది, బాక్సులో ఐదూ నలభై. బాక్సు సమయాన్ని శాటిలైట్ సిగ్నల్ నుంచి తీసుకుంటుంది, అది గ్రీన్‌విచ్ సమయం. మనం టైమ్ జోన్‌లో ఐదున్నర గంటలు కలపాలి. ఆ బాక్సులో +5 ఉంది, దాని తరవాత +6 ఉంది, మధ్యలో ఏమీ లేదు.

"అరగంటే కదమ్మా తేడా, లెక్కేసుకొని పెట్టుకుంటే సరిపోద్ది" అన్నాడు కొట్టతను.

"నేను లెక్కల మాస్టర్నే గానీ బాబూ, హరికథ వినడానికి కూడా లెక్కలు కట్టమంటే ఎలాగ?" అన్నారు నాన్న.

అది కూడా పక్కకి పోయింది. టైమ్ జోన్‌లో అరగంటల మెట్లున్న బాక్సు తీయించాను. ఐదు నిమిషాల తరవాత మొదలయ్యేలా టైమర్ పెట్టి, రిమోట్‌తో స్టాండ్‌బైలో పడుకోబెట్టి, అందరం దాని ఎర్ర లైటు వైపు చూస్తూ కూర్చున్నాం. టీ వచ్చింది. నాలుగో నిమిషంలో ఆకుపచ్చ లైటు వెలిగింది, పెన్‌డ్రైవ్ మిణుకుమంది. తరవాత ఇంకో పని చేయించాను. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టించాను. మా దగ్గర కరెంటు ఎలా పోతుందో తెలిసినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. కొన్ని బాక్సులు కరెంటు తిరిగొచ్చాక స్టాండ్‌బైలోనే సున్నాలు చూపిస్తూ ఉండిపోతాయి. సమయం తెలియని బాక్సు టైమర్‌ని ఏం చేసుకుంటుంది? ఇది మాత్రం లేచి, సిగ్నల్ పట్టుకొని, గడియారం సరిచేసుకొని, టైమర్‌ని గుర్తుంచుకుంది. రెండు వేల లోపే ధర. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే అదే పేరుతో ఆరు నెలలకి లోపల వేరే చిప్ పెట్టి అమ్ముతారు. పేరు చూసి కొంటే ఏం లాభం, ఇవన్నీ చేయించి చూసుకొని కొనుక్కోవాలి.

ఇంటికొచ్చాక మా అబ్బాయితో గొడవ. ఈ బాక్సులన్నింటికీ ట్యూనర్, అంటే సిగ్నల్ పట్టే భాగం, ఒక్కటే. శాటిలైట్ నుంచి ఛానళ్లు విడివిడిగా రావు, ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద కొన్ని ఛానళ్లు కట్టగా వస్తాయి. సప్తగిరి రికార్డు అవుతుంటే, అదే కట్టలో ఉన్న వేరే ఛానల్ చూడొచ్చు. కట్ట మారిస్తే మాత్రం రికార్డింగ్ ఆపాలా అని అడుగుతుంది. పిల్లాడు దానికి "అవును" అని నొక్కేస్తాడు, ఇంకేం చెప్పాలి. రెండు ట్యూనర్ల ఉచిత బాక్సు మా బజార్లో దొరకదు. దానికోసం ఎక్కడెక్కడో వెతకడం కన్నా రెండో చవక బాక్సు కొనడం మేలనిపించింది. ఒకటి నాన్న రికార్డింగ్‌కి, రెండోది మిగతా ఇంటికి.

డిష్ ఒక్కటే చాలు, దాని ఎల్‌ఎన్‌బీ, అంటే డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే ముక్క, మాత్రం మార్చాలి. బిగించడానికొచ్చిన అబ్బాయి కేబుల్‌కి మామూలు స్ప్లిట్టర్ పెట్టేస్తానన్నాడు. వద్దన్నాను. బాక్సు కేబుల్ ద్వారా పైకి 13 వోల్టులో, 18 వోల్టులో పంపి ఎల్‌ఎన్‌బీకి నిలువు తరంగం కావాలో అడ్డ తరంగం కావాలో చెబుతుంది. ఒకే ఎల్‌ఎన్‌బీకి రెండు బాక్సులు రెండు మాటలు చెబితే ఒకరి బొమ్మ పోతుంది. రెండు ఔట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీలో ఎవరి గొడవ వాళ్లది. కొన్ని వందల ఖర్చు, ఒక కేబుల్ అదనం, అంతే.

పెన్‌డ్రైవ్ సంగతి కొంచెం చెప్పాలి. హెచ్‌డీ కాని మామూలు ఎస్‌డీ ఛానల్ గంటకి సుమారు ఒక జీబీ తీసుకుంటుంది, కాబట్టి 32 జీబీది ధారాళంగా సరిపోతుంది. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అని డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతులుంటాయి. దాన్ని ఫ్యాట్32లోనే ఫార్మాట్ చేయండి, ఎక్స్‌ఫ్యాట్‌ని చాలా బాక్సులు గుర్తుపట్టవు. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, అందుకని పెద్ద కార్యక్రమాన్ని బాక్సే ముక్కలు చేస్తుంది. ఒక ముక్క అయిపోయాక రెండోది మనమే నొక్కాలి. నాన్నకి ఇది చెప్పడం మర్చిపోతే "కథ మధ్యలో ఆపీసినారేటి" అంటారు. పాత ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కు ఉంది కదా అని తగిలించకండి, యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు దానికి చాలక టిక్కుటిక్కుమంటూ ఆగిపోవచ్చు.

ఆగస్టు 29 ముందే ఇదంతా కుదరాలని నాన్న పట్టు. తెలుగు భాషా దినోత్సవం అది, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. 1936లో ఊరు ఒడిశాలోకి వచ్చింది గానీ, రామమూర్తి పంతులు మా వీధి మనిషే అన్నట్టు మాట్లాడతారు నాన్న. ఆ రోజు టీవీలో ఆయన గురించి ఏదో ఒకటి వస్తుందని, ఏ వేళకొస్తుందో తెలియదని, పొద్దుట ఆరింటి నుంచి రాత్రి పది దాకా టైమర్ పెట్టించారు. మధ్యాహ్నం ఉరుములతో వాన కురిసినంతసేపు సిగ్నల్ లేదు. డిష్‌కి వచ్చే కేయూ బ్యాండ్ తరంగాలకి గట్టి వాన సరిపడదు, ఏ బాక్సు కొన్నా ఇంతే. మిగతాదంతా రికార్డైంది. నాన్న దాన్ని రెండు రోజులు ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ చూశారు.

వాన సంగతికి మందు లేదు గానీ కరెంటుకి ఉంది. రికార్డింగ్‌కి టీవీ వెలగక్కర్లేదు, ఎల్‌ఎన్‌బీకి కావలసిన కరెంటు బాక్సే పంపుతుంది. అంటే బాక్సు ఒక్కటీ ఆరిపోకుండా చూసుకుంటే చాలు. వైఫై రూటర్లకి పెట్టే చిన్న యూపీఎస్ ఉంటుంది కదా, అదే దీనికీ పనికొస్తుంది. కొనేముందు బాక్సు అడాప్టర్ మీద చిన్న అక్షరాలు చదవండి. మాది 12 వోల్టులు, ఒకటిన్నర ఆంపియర్. యూపీఎస్ వోల్టు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్ అంతో ఇంకా ఎక్కువో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్ను సైజు కూడా చూసుకోండి, మాకు రెండూ కలవలేదు, ఇరవై రూపాయల కన్వర్టర్ పిన్ను వేయించాం.