కిరసనాయిలు దూది

లైటు ఆర్పేసి పడుకున్నాను కానీ నిద్ర రాలేదు. రాస్తేనన్నా బుర్రలోంచి పోతుందేమోనని లేచాను.

మా కుక్క గుండుగాడి చెవి వెనక పిడుదు కనపడింది. అదేం వింత కాదు, వెచ్చటి రోజులు మొదలయ్యాయంటే వాడి ఒళ్ళు రోజూ తడిమి చూడాల్సిందే. నన్ను తొలుస్తున్నది వదిన చేతిలోని దూది. నేను ట్వీజర్ వెతుక్కుని వచ్చేసరికి దూదిని కిరసనాయిల్లో ముంచి సిద్ధంగా కూర్చుంది. "ఇది పెడితే ఊపిరాడక అదే వదిలేస్తుంది. నువ్వు లాగితే తల లోపల ఉండిపోతుంది" అంటుంది. అన్నయ్యేమో ఇంకో అడుగు ముందుకేసి, అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి ఆ వేడి తగిలిస్తే చాలన్నాడు. కుక్క చెవి దగ్గర అగ్గిపుల్ల!

ఎన్నిసార్లు చెప్పాలి వీళ్ళకి? పిడుదుకి గంటకి కొద్దిసార్లు గాలి అందితే చాలు, దూది పెట్టగానే ఊపిరాడక చచ్చేది కాదు. ఈలోగా చిరాకుపడి దాని నోట్లోదంతా గాయంలోకి వదిలే ప్రమాదం ఉంది. రోగాలు ఎక్కేది ఆ లాలాజలంతోనే కదా. పైగా కిరసనాయిలు చర్మాన్ని మండిస్తుంది, వాడు నాకితే కడుపులోకి కూడా పోతుంది. వాజలైన్ అయినా, గోళ్ళరంగు అయినా అంతే. పిడుదు మీది కసి అంతా తీర్చుకుంటాం, మంట మాత్రం కుక్కకి.

"వదినా, ఆగు" అన్నాను కాస్త గట్టిగానే. మొహం మాడ్చుకుని దూది పక్కన పెట్టింది.

బొచ్చు రెండు వైపులకీ పాయ తీసి, ట్వీజర్ సన్న మొనని చర్మానికి ఆనించి, ఉబ్బిన పొట్టని కాకుండా సరిగ్గా నోటి దగ్గర పట్టుకున్నాను. పొట్ట నొక్కితే లోపలిదంతా తిరిగి కుక్క ఒంట్లోకే పోవచ్చు. తిప్పకుండా, గుంజకుండా, నిటారుగా పైకి ఒకే తీరున లాగాలి. చర్మం కొద్దిగా సాగింది. అక్కడ ఓపిక పట్టాలి. దాని నోటికి వెనక్కి తిరిగిన ముళ్ళుంటాయి, కొన్ని రకాలైతే చుట్టూ సిమెంటులా గట్టిపడే పదార్థం కూడా వదులుతాయి. కాసేపటికి పట్టు సడలి మొత్తం ఊడొచ్చింది, ఎనిమిది కాళ్ళూ ఆడిస్తూ. గుండుగాడికి తెలియను కూడా తెలియలేదు. నాకు చాలా సంతోషం వేసింది.

ఆ సంతోషం వాడి కాలివేళ్ళ సందులో రెండోది కనపడేదాకే. అది సరిగ్గా పట్టుకి దొరకలేదు. ఒళ్ళు ఊడొచ్చి నల్లటి చుక్క చర్మంలో మిగిలింది. అంతే, వదిన లేచి సూది తెచ్చింది. "చెప్పానా లేదా, తల ఉండిపోయింది, తవ్వి తీయాలి." నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మిగిలినది నోటి ముక్క. ఒళ్ళు పోయాక అది రక్తం తాగదు, పెరగదు. సులువుగా వస్తే తీయాలి, రాకపోతే వదిలేయాలి, చర్మమే మెల్లగా బయటికి నెట్టేస్తుంది. నాలుగు రోజులు చిన్న బొడిపె ఉండొచ్చు. వాపు పెరిగినా, చీము పట్టినా అప్పుడు డాక్టర్ దగ్గరికి. సూదితో కెలికితే లేని పుండు మనమే తెచ్చిపెట్టినట్టు. యాంటీసెప్టిక్‌తో తుడిచి, సూది లాక్కుని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాను. ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇక్కడిదాకా వదిన మీద కోపంతోనే రాశాను. ఇప్పుడు మా ఇంకో కుక్క బ్రౌనీ గుర్తొస్తోంది.

బ్రౌనీ జబ్బు సంగతి మీలో పాతవాళ్ళకి తెలుసు. తిండి తగ్గించి మూల పట్టుకుంటే ఎండకేలే అనుకున్నాం అందరం. ఓ సాయంత్రం వదినే దాని పెదవి పైకెత్తి చూసి, "చిగుళ్ళు ఇలా తెల్లగా ఉన్నాయేంటి?" అంది. ఆ మర్నాడే ముక్కులోంచి రక్తం. పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, ఎర్లిఖియా అన్నారు, పిడుదు కాటుతో ఎక్కే జబ్బు. ఒళ్ళంతా గాలిస్తే ఒక్క పిడుదు కూడా దొరకలేదు. ఎలా దొరుకుతుంది? లక్షణాలు బయటపడేది కుట్టిన ఒకటి నుంచి మూడు వారాల తర్వాత. అప్పటికి అది కడుపు నింపుకుని రాలిపోయి ఉంటుంది. నాలుగు వారాల డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు. వదిన ఫోనులో అలారం పెట్టుకుని, ముద్దలో పెట్టి తినిపించి, మాత్ర గొంతులో అంటుకోకుండా నీళ్ళు తాగించేది. రాత్రిళ్ళు లేచి దాని పక్కటెముకల మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునేది. బ్రౌనీ కోలుకుంది. వదిన మాత్రం అప్పటి నుంచీ పిడుదు కనపడితే ఒక్క నిమిషం ఆగలేదు.

ఆలోచిస్తుంటే, ఆ తొందర విషయంలో వదినదే సరి. పిడుదుల వల్లే వచ్చే లైమ్ అనే ఇంకో జబ్బు ఎక్కడానికి సాధారణంగా ఒక రోజు పైనే పడుతుంది కాబట్టి చూడగానే కంగారుపడక్కర్లేదని చెప్తుంటారు. కానీ ఎర్లిఖియా అలా కాదు, కొన్ని గంటల్లోనే ఎక్కగలదు. అంటే రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి తీయిద్దాం అనుకోకూడదు, కనపడిన వెంటనే తీసేయాలి. దూది మాత్రం తప్పే, ఆ మాట మీద నేను తగ్గను. రేపు తనకి ట్వీజర్ చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటాను. తన చేతులు నాకన్నా నిదానం.

బాబుకి కూడా చూపించాలి. మొన్న వాడు గుండుగాడి పొట్ట మీద "పిడుదు, పిడుదు" అంటూ గోటితో లాగబోయాడు. అది చనుమొన. మగకుక్కలకీ ఉంటాయని వాడికి తెలీదు. అనుమానంగా ఉంటే బొచ్చు తప్పించి, వెలుతురులో కాళ్ళున్నాయేమో చూడాలి.

తీసిన రెండూ సీసాలో స్పిరిట్‌లో వేశాను. వేలితో నలపకూడదు, అందులోది మనకీ అంటొచ్చు. సీసా మీద తారీఖు రాశాను, జ్వరమో నీరసమో వస్తే డాక్టర్‌కి చూపించొచ్చు. ఇల్లు కూడా చూడాలి. కుక్కల గోధుమరంగు పిడుదు ఇంట్లోనే తరతరాలు గడిపేయగలదు, ఆడది గోడ పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది. గుండుగాడి పడక ఉన్న గోడ పొడవునా వాక్యూమ్ పట్టాలి.

తేలనిది పిడుదులు పట్టకుండా వాడే మందు సంగతి. పర్మెత్రిన్ ఉన్న చుక్కలమందు పిల్లులకి విషం, మా పిల్లి మిన్నీ రోజంతా వాడి వీపు మీదే పడుకుంటుంది కాబట్టి అది ఇంట్లోకే రాకూడదు. కొత్త రకం నమిలే మాత్రలు బాగా పనిచేస్తాయి కానీ కొన్ని కుక్కల్లో ఫిట్స్ రావచ్చని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. వీడికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయి. ఫిప్రోనిల్ అనే ఇంకో పిడుదుల మందుతో సరిపెట్టొచ్చా, లేదా ఇంకేదైనా ఉందా? పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేసి ఫిట్స్ సంగతి, మిన్నీ సంగతి రెండూ చెప్పి అడగాలి. బరువు కూడా అడుగుతారు, ముందు వాడిని తూకం ఎక్కించాలి.