మనోధర్మానికి ముందు వల్లె వేయాల్సిందే

కర్ణాటక సంగీతంలో కల్పనస్వరాలు, అంటే పాటలోని ఒక పంక్తికి గాయకుడు అల్లి పాడే సరిగమలు, అప్పటికప్పుడు పుట్టేవే అయినా, వాటి వెనుక ఉన్న కట్టుబాట్లు తెలిసినకొద్దీ నాకు వాటిపై గౌరవం పెరిగింది. మోహన రాగంలో, ఆదితాళంలో ఉన్న పల్లవి గాంధారంతో (‘గ’ స్వరంతో) ఎత్తుకుంటుందనుకుందాం. విద్యార్థి మొదట అర ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టులో సగమైన 4 అక్షరాలకు (తాళపు లెక్కలకు), మొదటి కాలంలో (నెమ్మది నడకలో) స్వరాలు వేసుకొని, చివరి స్వరం రిషభమో (రి) పంచమమో (ప) అయ్యేలా చూసుకుంటే, అక్కడి నుంచి గాంధారాన్ని అందుకోవడం చెవికి సహజంగా ఉంటుంది. తాళం వేస్తున్న చెయ్యి ఎత్తుగడకు, అంటే పల్లవి మళ్ళీ మొదలవ్వాల్సిన చోటికి, చేరేసరికి నోట్లో ఇంకా రెండు స్వరాలు మిగిలిపోవడం ఈ దశలో మామూలే. అందుకే చాలామంది గురువులు ముందుగా కొన్ని స్వరాలు రాసిచ్చి వల్లె వేయిస్తారు. ఇది మనోధర్మం (అప్పటికప్పుడు ఊహించి పాడటం) కాదని కొందరు పెదవి విరుస్తారు గానీ, వర్ణాలూ కీర్తనలూ నోటికి రానివాడు దేన్ని పట్టుకొని ఊహిస్తాడు? కచేరీల్లో ముక్తాయింపుగా (ముగింపుగా) వచ్చే స్వరాల లెక్కలు కూడా చాలావరకు ముందే కట్టుకున్నవే.

రంగస్థలం మీదా ఇంతే. కూచిపూడి భామాకలాపంలో సత్యభామతో ఆమె చెలికత్తె మాధవి ఆడే మాటల్లో చమత్కారం ప్రేక్షకులను బట్టి పెరగవచ్చు గానీ, దరువు (పాత్ర పాట) ఎత్తుకునే చోటికి సంభాషణ చేరి తీరాలి. పద్యనాటకంలోనైతే నటుడు పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తాడో హార్మోనిస్టుకు ముందుగా తెలియదు కనుక, అతని ఊపిరిని కనిపెట్టుకుంటూ వెంబడించాలి. ఇంతలో ‘వన్స్‌మోర్’ అని కేకలు వినిపిస్తే, నటుడు అదే పద్యాన్ని మరోలా సాగదీస్తాడు. హార్మోనిస్టు పని మళ్ళీ మొదటికి వస్తుంది.